ఓడల బిడారు

(అశోక్ చౌక్‌లో జరిగిన ఆదివారపు గోష్ఠియందు చేసిన ఉపన్యాసపు పాఠము)



మగ్గముల చప్పుడు నడుమ పుట్టి పెరిగిన మనకు సముద్రముతో ఏమి పని యని మీలో కొందరు అనుకొనవచ్చును. షోలాపురమునుండి బొంబాయి ఒడ్డు చేరవలెనన్న రైలులో చాల దూరము పోవలెను. మన తాతలు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమలనుండి వచ్చినది నేలదారిని. ఓడనెక్కినవారు వారిలో అరుదు. అయినను మనవారు నేసిన చద్దరు సముద్రము దాటినది. ఆ చద్దరునకు పట్టిన రంగు ఒకప్పుడు సముద్రము దాటియే వచ్చినది. అంతేకాదు. ఈ అశోక్ చౌక్‌లో ఏ విద్యాసంస్థల ముందునుండి మనము ప్రతిదినము నడచిపోవుచున్నామో, వానికి పేరైన వాల్‌చంద్ హీరాచంద్ గారు 1882లో ఈ ఊరనే పుట్టి, తెలుగు తీరమున ఓడల కర్మాగారము నెలకొల్పినవారు. కావున నేటి ప్రసంగమునకు యుద్ధకాలపు వర్తక నౌకల కథను గైకొంటిమి.

1939 సెప్టెంబరు 3వ తేదీన బ్రిటన్ జర్మనీపై యుద్ధము ప్రకటించెను. ఆ సాయంకాలమే అథీనియా అను ప్రయాణికుల ఓడను ఒక జర్మను జలాంతర్గామి కొట్టెను. మరునాటికి అది మునిగిపోయెను. బ్రిటన్ ఒక ద్వీపము. తినుటకు గోధుమలు, యంత్రములకు చమురు, కర్మాగారములకు ఇనుపఖనిజము, అన్నియు అట్లాంటిక్ మహాసముద్రము దాటి రావలసినవే. ఆ దారిని తెంచినచో యుద్ధము తనంతట ముగియునని జర్మనీ తలపు. దారి తెగకుండ కాచుటకు పన్నిన ఉపాయమే ఓడల బిడారు. దానినే కాన్వాయి అందురు. సెప్టెంబరు 16ననే కెనడాలోని హాలిఫాక్స్ రేవునుండి ఇంగ్లండునకు తొలి బిడారు బయలుదేరెను.

ఈ పద్ధతి కొత్తది కాదు. మొదటి మహాయుద్ధములో 1917 ఏప్రిల్ నెలలో లెక్కకు మిక్కిలి ఓడలు మునిగినపిమ్మట గాని బ్రిటిషు నౌకాధికారులు దీనికి ఒప్పుకొనలేదు. ఓడలన్నిటిని ఒక్కచోట చేర్చినచో శత్రువునకు ఒక్కమారే దొరకునుగదా యని వారి శంక. వినుటకు న్యాయముగనే యున్నది. కాని సముద్రము ఎంత విశాలమో వారు మరచిరి. నలువది ఓడలు విడివిడిగా పోయినచో అవి సముద్రముపై నలువది చుక్కలు; వేటగానికి వానిలో ఏదో యొకటి కంటబడకపోదు. కలిసి పోయినచో అవి యన్నియు కలిసి ఒక్కటే చుక్క. ఆ ఒక్క చుక్క కంటబడుట కష్టము. కంటబడినను, దానిప్రక్క తుపాకులు గల రక్షక నౌకలుండును.

బిడారు నడుచు తీరు వినదగినది. ఓడలు అనేక నిలువు వరుసలుగా నిలుచును. వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. ప్రతి ఓడకును వరుసలో ఒక స్థానము, ఆ స్థానమునకు ఒక సంఖ్య. నడిమి వరుస మొదటి ఓడపై కమొడోర్ అను పెద్ద యుండి జెండాల సైగలతో అందరిని నడిపించును. రాత్రివేళ దీపములు బయటికి కనిపించరాదు. తెల్లవారగానే ఎవరు ఉన్నారు, ఎవరు తప్పిపోయిరి అని లెక్క చూచుకొందురు. అన్నిటికంటె ముఖ్యమైన నియమము మరియొకటి కలదు: బిడారంతయు మిక్కిలి నెమ్మదియైన ఓడ వేగముననే నడువవలెను. అందుచేతనే ముసలి ఓడలకు వేరు బిడారులు ఏర్పరచిరి. అవి గంటకు ఏడెనిమిది నాటుల వేగముతో, రెండు వారములకు పైగా మంచు గాలులలో నడచి ఆవలి ఒడ్డు చేరెడివి.

రక్షక నౌకలు చాలనప్పుడు ఏమగునో 1940 అక్టోబరులో తెలిసినది. ఎస్.సి. 7 అను నెమ్మది బిడారులో 35 ఓడలు బయలుదేరగా 20 ఓడలు మునిగినవి. అప్పుడు చిన్న చిన్న బిడారులు మేలా, పెద్దవి మేలా యను తర్కము పుట్టినది. దీనికి లెక్కతో జవాబు చెప్పినవారు ప్యాట్రిక్ బ్లాకెట్ అను శాస్త్రవేత్తయు, ఆయనతో పనిచేసినవారును. 1948లో నోబెల్ బహుమానము పొందిన ఈ బ్లాకెట్ గారే తరువాత నెహ్రూగారి కోరికపై మన దేశపు రక్షణ విజ్ఞానమునకు సలహాదారైరి.

ఆయన లెక్క నేతగానికి ఒక్క మాటలో తెలియును. ఒక చిన్న తువాలును, దానికి నిలువున రెండింతలు, అడ్డమున రెండింతలు గల దుప్పటిని ప్రక్కప్రక్కన పరచి చూడుడు. బట్ట నాలుగింతలైనది, నాలుగు ప్రక్కల అంచు మాత్రము రెండింతలే యైనది. బిడారును కాచుట యనగా అంచును కాచుట. రక్షక నౌకలు ఓడలకు కొంత దూరముగా తిరుగుచుండును గనుక, 40 ఓడల బిడారు చుట్టుకొలతకంటె 80 ఓడల బిడారు చుట్టుకొలత ఏడవ వంతు మాత్రమే ఎక్కువయని వారు తేల్చిరి. కొద్దిమంది కావలివారితో ఎక్కువమందిని కాపాడవలెనన్న పెద్ద బిడారు కట్టవలెను. ఈ మాట అమలైనది. విమానములును, రాడారును తోడైనవి. 1943 మే నెల ఒక్కదానిలో జర్మనీ 41 జలాంతర్గాములను పోగొట్టుకొనెను. ఆ నెలాఖరున వారి నౌకాధిపతి డెనిట్స్ తన దళములను ఉత్తర అట్లాంటిక్ నుండి మరలించుకొనెను.

ఇంతవరకు చెప్పినది విజయగాథ. ఇక మేము చెప్పదలచిన అసలు సంగతికి వత్తుము. ఆ అంచునకు లోపల ఎవరున్నారు, వెలుపల ఎవరున్నారు?

అట్లాంటిక్ బిడారులలోని బ్రిటిషు ఓడలలో మనవారు వేలకొలది పనిచేసిరి. వారిని లస్కరులు అనెడివారు. మన తీరమున కళాసీలు అందురు. సిల్హెట్టు, చిట్టగాంగు, మన పొరుగు రత్నగిరి, గోవా, గుజరాతు తీరముల పేదలు వారు. ఓడ అడుగున బొగ్గు కొలిమి ముందు నిలిచినవారు, టార్పెడో తగిలినప్పుడు అందరికంటె ముందు మునుగువారు. జీతము మాత్రము తెల్ల నావికుని జీతములో నాలుగవ వంతు కూడ లేదు. 1939లో యుద్ధము రాగానే ఇంగ్లండు, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా రేవులలో వీరు సమ్మె చేసిరి. చాలమంది జైలుకు పోయిరి; కొంత జీతము పెరిగినది. ప్రాణము ఒకటేయైనప్పుడు వెల వేరగుట ఏమని వారు అడిగిన ప్రశ్న మాత్రము నిలిచియున్నది.

సిటీ ఆఫ్ బెనారస్ అను ఓడ కథ మీలో కొందరు వినియుందురు. మన కాశి పేరు పెట్టుకొన్న ఓడ. 1940 సెప్టెంబరులో బాంబుల బారినుండి తప్పించుటకు 90 మంది ఇంగ్లీషు పిల్లలను ఎక్కించుకొని లివర్‌పూల్‌నుండి కెనడాకు బయలుదేరెను. 17వ తేదీన రక్షక నౌకలు మరియొక బిడారుకై వెడలిపోయినవి. ఆ రాత్రియే టార్పెడో తగిలినది. పిల్లలలో 77 మంది పోయిరి. వారితోబాటు భారతీయ కళాసీలు అనేకులు పోయిరి. ఒక పడవలో ఆరుగురు బాలురును, ఒక ఉపాధ్యాయినియు ఎనిమిది దినములు నడిసముద్రమున తేలి బ్రతికిరి. ఆ పడవలోని తక్కినవారిలో అత్యధికులు మన కళాసీలే. గుక్కెడు నీరు పంచుకొని చలికి ఓర్చిన ఆ మనుష్యుల పేర్లు, ఆ పిల్లల కథ చెప్పు పుస్తకములలో ఎంత వెదకినను అరుదుగా కనిపించును.

ఇక మన తెలుగు తీరము. అట్లాంటిక్‌లో బిడారులు నడచుచుండగా బంగాళాఖాతమున ఓడలకు తోడులేదు. 1942 జనవరి చివరను సింధియా కంపెనీ వారి జలతరంగ్, జలపాలక అను ఓడలు జపాను జలాంతర్గామి బారిన పడి ఈ సముద్రముననే మునిగినవి. ఏప్రిల్‌లో జపాను నౌకాదళము వచ్చుచున్నదని కలకత్తా రేవులో గుమికూడిన ఓడలను దక్షిణమునకు చెదరగొట్టి పంపిరి. వెంట కాచువారు లేరు. ఓజావా అను సేనాని తన దళమును ముక్కలుగా విడదీసి వేటకు దిగెను. కొలది దినములలో 23 వర్తక నౌకలు మునిగినవి. అందు పెక్కు ఏప్రిల్ 6వ తేదీ ఒక్కనాడే. ఆనాడే విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు పడినవి. మనము ఇంతకుముందు చెప్పుకొన్న నలువది చుక్కల లెక్కకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు. ఆ లెక్క తెలిసినవారే, తమ ఇంటి దారిని బిడారుతో కాచుకొని, మన దారిని చుక్కలుగా విడిచిరి.

అంతటితో పోలేదు. 1943 ప్రారంభమున హిందూ మహాసముద్రమునకు వచ్చు ఓడలను బాగుగా తగ్గించి అట్లాంటిక్ వైపునకు మరలించిరి. ఆ సంవత్సరమే వంగదేశమున కరవు వచ్చి సుమారు 30 లక్షలమంది పోయిరి. కరవునకు కారణములు పెక్కు. బర్మా బియ్యము ఆగుట, ధరలు, ప్రభుత్వపు నిర్లక్ష్యము. కాని బియ్యము తెచ్చు ఓడ లేకపోవుట వానిలో చిన్నది కాదు. మన షోలాపురములోను జర్మనీ రంగులు 1939తో నిలిచిపోయినవి. నూలు ప్రియమై, 1943లో బట్టకును నూలుకును కంట్రోలు వచ్చినది. నూలు చిటము లేక మగ్గము ఖాళీగా నిలిచిన దినములను మన పెద్దల నోట వినని ఇల్లు ఈ పేటలో అరుదు. ఓడ మునిగినచోటు వేయి కోసుల దూరమున నున్నను, దాని దెబ్బ మగ్గపు గుంటదాక వచ్చినది.

స్వంత ఓడలు లేని దేశము ఇతరుల దయపై బ్రతుకవలెనని అందరికంటె ముందు పలికినవారిలో వాల్‌చందుగారు ఒకరు. 1919లో నరోత్తమ్ మొరార్జీ మొదలగువారితో చేరి సింధియా కంపెనీని స్థాపించిరి. ఆ యేట లాయల్టీ అను వారి ఓడ బొంబాయినుండి లండనుకు పయనమైన ఏప్రిల్ 5వ తేదీనే నేడు దేశము నౌకాదినముగా జరుపుకొనుచున్నది. యుద్ధము నడుమ, 1941 జూన్ 21న, విశాఖపట్టణమున ఓడల కర్మాగారమునకు రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. పది నెలలు తిరుగకముందే బాంబులు పడి పని కుంటుపడెను. వారు విడువలేదు. 1948 మార్చి 14న జల ఉష అను ఓడను నెహ్రూగారు నీటిలోనికి దింపిరి. షోలాపురమున పుట్టిన గుజరాతీ జైను, తెలుగు కూలీల చేతులు, దేశమంతటి పతాక! ఊరు, భాష, కులము అను గోడలు ఆ ఓడకు అడ్డురాలేదు.

చివరకు ఒక్క మాట. సముద్రమున పోయినవానికి సమాధి లేదు. లండనులో టవర్ హిల్లు చెంత అట్టి వర్తక నావికుల పేర్లు కంచు పలకలపై చెక్కిరి. అవిభక్త భారతదేశపు నావికులు దాదాపు 6,500 మంది పేర్లు ఒక పుస్తకమున వ్రాసి చిట్టగాంగులో నుంచిరి. దాని ప్రతి బొంబాయిలోని నావికుల గృహమున ఉంచిరి. కంచు లేదు, రాయి లేదు; అయినను పేరు వ్రాసియున్నది. వ్రాసియున్నందుననే వారి మనుమడు ఏనాడైనను వెళ్ళి, ఇది మా తాత పేరని వ్రేలు పెట్టి చూపగలడు.

మన మాట ఏమి? బండిమీదనో, కాలినడకనో, సాంచలు కట్టుకొని ఈ ఊరు చేరిన మన తొలి తరమువారి పేర్లు ఎక్కడ వ్రాసియున్నవి? ఏ ఊరినుండి వచ్చిరి, ఎవరివెంట వచ్చిరి, మొదటి మగ్గము ఎవరి వసారాలో వేసిరి? చెప్పగల పెద్దలు ఏటేట తగ్గుచున్నారు. పిల్లలు బడిలో మరాఠీ చదువుచున్నారు. అది మంచిదే, ఈ నేల భాష అది. కాని తాత చెప్పిన ఊరిపేరు తెలుగులో వ్రాయగల చేయి ఇంటికి ఒకటైనను మిగులవలెనుగదా. బీడీలు చుట్టి పిల్లలను పెంచిన తల్లుల పేర్లును అందులో ఉండవలెను. బిడారులో వెనుకటి వరుస ఓడకును సంఖ్య యుండెను. తెల్లవారగానే దానిని కూడ లెక్కపెట్టిరి.

కావున మా మనవి ఇది. ఈ వారము ప్రతి ఇంటను ఒక కాగితము తీసికొని, వచ్చిన పెద్దల పేర్లు, వచ్చిన ఊరు, తెలిసినచో వచ్చిన సంవత్సరము, తెలుగున వ్రాసి ఈ పత్రిక వారికి అందజేయుడు. వ్రాయలేనివారు చెప్పుడు, మేము వ్రాసికొందుము. ఎవరి కథ చిన్నదని ఎవరును సంకోచింపవలదు. బిడారు నడచినది మిక్కిలి నెమ్మదియైన ఓడ వేగముననే యని మరువకుడు.