వాన చిట్టా – వాన ఆవర్జా
(జన్వాడ గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఏదైన శాస్త్రవిషయమును గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు నన్నాజ్ఞాపించిరి. నేను లెక్కలు వ్రాయువాడనే గాని శాస్త్రజ్ఞుడను గాను. కావున లెక్కల దారిలోనే వాన సంగతి చెప్పెదను.

“కాలము మారిపోయినది” అను మాట రచ్చబండకడ ఏటేట వినుచుందుము. అందు రెండు వేర్వేరు సంగతులు కలగలసి యున్నవి. నేడు మబ్బు పట్టెనా, ఎండ కాచెనా, గాలి వీచెనా యనునది వాతావరణము. అట్టి దినములను పెక్కేండ్లు కూడి, సగటు తీసి, హెచ్చుతగ్గుల హద్దులు గుర్తింపగా తేలునది శీతోష్ణస్థితి. మొదటిది చిట్టా, రెండవది ఆవర్జా. చిట్టాలో ఒక్క పుట చూచి ఆసామి కలవాడో అప్పులవాడో ఏ లెక్కలవాడును చెప్పజాలడు. శాస్త్రజ్ఞులు ఈ ఆవర్జాకు 30 ఏండ్ల గడువు పెట్టుకొనిరి. ఇప్పటి లెక్క 1991 మొదలు 2020 వరకు గలది.

ఇది పాశ్చాత్యులు నేర్పిన విద్యయే యనుకొనరాదు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున, కోష్ఠాగారమునందు మూరెడు నోరు గల కుండ నుంచి వాన కొలువుమనెను. మరియొక అధ్యాయమున ఏ దేశమున నెన్ని ద్రోణముల వాన కురియునో చెప్పెను: అవంతికి 23, అశ్మకమునకు 13½. కుండ చిట్టాకు, ఈ పట్టిక ఆవర్జాకు. అశ్మకమనగా మన బోధన్ ప్రాంతమని చరిత్రకారులు పలువురి మతము. మన వైపు వాన తక్కువయని అంత పూర్వమే లెక్కకెక్కినదన్నమాట!

మన కార్తెలును ఆవర్జా వంటివే. మృగశిర జూన్ 7, 8 తేదీలలో ప్రవేశించును. ఆ దాపున నైరృతి ఋతుపవనములు వచ్చుననుట బహుకాలపు అనుభవమే గాని, ఆనాడు వాన పడితీరునను హామీ గాదు. కార్తె వచ్చినదని, ఒక్క జల్లు చూచి విత్తి, పదునారిపోగా మరల విత్తనములు కొన్నవారు ఈ సభలోనే యున్నారు. నేనును అందొకడను. ఇంకొక చిక్కు కలదు. కార్తెలు నక్షత్రములనుబట్టియు, ఋతువులు ఉత్తరాయణ దక్షిణాయనములనుబట్టియు నడచును. రెంటికి నడుమ సుమారు 72 ఏండ్లకొక దినము ఎడమగును. వేయేండ్లనాటి సామెత నేడు దాదాపు ఒక కార్తె తప్పును.

విత్తనము పోయిన మరల కొనవచ్చును. వాగు విషయమున పొరబడిన అట్లు కాదు. 1908 సెప్టెంబరు 28, కీలక నామ సంవత్సరమున మూసీ పొంగి హైదరాబాదులో వేలమందిని పొట్టబెట్టుకొన్నది. మరు సంవత్సరము వచ్చిన విశ్వేశ్వరయ్యగారు ఎగువన జలాశయములు కట్టవలెనని సూచించిరి. 1920లో మన గండిపేట చెరువు, 1927లో హిమాయత్‌సాగరము ముగిసినవి. పట్నమునకు మంచినీరిచ్చు చెరువులుగానే వానిని ఎరుగుదుము గాని, వాని పుట్టుక వరద నాపుటకు.

హైదరాబాదుకు ఏటి సగటు వాన సుమారు 80 సెంటీమీటర్లు. 2000 ఆగస్టు 24 నాటి లెక్కలో ఒక్క దినమునకే 24 సెంటీమీటర్లు! గుంట నేలపై ఒక్క సెంటీమీటరు వాన యనగా సుమారు వేయి లీటర్లు. ఆ లెక్కన ఎకరముపై ఆనాడు పడినది తొమ్మిదిన్నర లక్షల లీటర్లకు పైమాట. ఆ నీరు ఎటు పోవలెను?

“పదేండ్లనుండి ఇందు చుక్క నీరు పారలేదు” అని వాగును చదును చేసి యమ్మువారును, నమ్మి కొనువారును చిట్టాలో పది పుటలు చదివి పుస్తకము మూసినవారు. మన ఊరి మీదుగా సాగు బుల్కాపూర్ నాలా గట్టున నిలిచి ఈ మాట తలచుకొనుడు. నక్షాలోని వాగు గీత ఎండలకు ఆరిపోదు.

ఆవర్జా ఎన్నటికిని మారదని నా మాట గాదు. భూమి వేడెక్కుచున్నదని లోకమందలి కొలతలన్నియు చెప్పుచున్నవి. అయితే అది ఒక వేసవి ఉక్కకు విసిగి చెప్పిన మాట గాదు, నూరేండ్లకు పైబడిన లెక్క.

మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండినవి. తొలినాడే ముంగిట ఒక వర్షమాపకము పెట్టియుండిన, ఇంకైదేండ్లలో జన్వాడకు సొంత ఆవర్జా యుండెడిది. ఇప్పుడైనను పెట్టుదము. ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నరకు కొలిచి వ్రాయుటకు ముందు వరుసలోని పిల్లలలో ఇద్దరు చాలుదురు. పుస్తకమునకు గీతలు నేను గీసి ఇచ్చెదను.