పన్ను పీకించడమేనా సాయం?

(ధరణికోట దాతల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెద్దలారా, దాతలారా, అమ్మీలారా, ఆపాలారా!

గుండె ఆపరేషన్ అంటే మనం వెంటనే జేబులో చెయ్యి పెడతాం. పన్ను నొప్పి అని వస్తే మాత్రం "లవంగం పెట్టుకో" అని పంపేస్తాం. ఈ రోజు ఆ పన్ను గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం.

పిప్పి పన్ను ఎవరికైనా వస్తుంది. చిన్న నల్లమచ్చగా ఉన్నప్పుడే చూపిస్తే ఒక్క పూటలో సిమెంటు పెట్టి పంపిస్తారు. నరం దాకా పోతే రూట్ కెనాల్ చేయాలి. దానికి రెండు మూడుసార్లు తిరగాలి, ఆపైన క్యాపు వేయించాలి. మిరప కోతలకు పోయే మన ఖాలాకు గుంటూరు వెళ్ళడమంటే 30 కిలోమీటర్లకు పైగా ప్రయాణం, బస్సు ఛార్జీ, పైగా ఆ రోజు కూలి పోతుంది. అందుకని మెడికల్ షాపులో బిళ్ళ కొనుక్కుంటుంది. బిళ్ళ పనిచేయని రోజున పీకించుకుంటుంది. పీకడం ఒక్కసారితో అయిపోతుంది గదా! ఏభై ఏళ్ళు రాకుండానే రొట్టె నమలలేక చారన్నం మింగే ఆడవాళ్ళు మన వీధుల్లోనే ఉన్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం నోటి జబ్బులున్నవారు దాదాపు 350 కోట్ల మంది. అందులో ప్రతి నలుగురిలో ముగ్గురు మధ్యాదాయ దేశాలవాళ్ళే. మన ప్రభుత్వం 2014-15లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది. విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. అక్కడిదాకా చేరడమే పేదవాడికి కష్టం.

పల్నాడులో ఇంకో చిక్కు ఫ్లోరైడు. కృష్ణ ఒడ్డున ఉన్న మనకంటే, మెట్ట ఊళ్ళలో బోరు నీళ్ళు తాగేవారికి దీని బెడద ఎక్కువ. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. చిన్నప్పుడు, ఎనిమిదేళ్ళలోపు అలాంటి నీళ్ళు తాగితే రాబోయే పళ్ళకే మరకలు పడతాయి, ఎంత తోమినా పోవు. పెళ్ళిచూపుల్లో ఆడపిల్ల పెదవులు బిగించుకుని కూర్చోవడం మేము చూశాం. ఆ పిల్ల తోముకోదని అనుకునేవాళ్ళూ ఉన్నారు, పాపం.

ఇక మా తప్పు ఒప్పుకోవాలి. మేము పెట్టిన మొదటి శిబిరంలో వైద్యమంటే చాలామటుకు పీకడమే అయింది. ఫొటోలు బాగా వచ్చాయి. ఒక పెద్దాయన మాత్రం "పళ్ళు తీసుకుపోయారు, మళ్ళీ ఎప్పుడు తెస్తారు బేటా?" అన్నారు. నవ్వాం గానీ, జవాబు చెప్పలేకపోయాం.

అందుకే ఈ ఏడు మీ సదఖాను షామియానాలకు పెట్టబోవడం లేదు. మదరసా పిల్లల, బడి పిల్లల నోళ్ళు ఏడాదికి రెండుసార్లు చూపించి, మచ్చ దశలోనే సిమెంటు పెట్టిస్తాం. పెద్దవాళ్ళకు ఛార్జీతో పాటు పోయిన కూలి కూడా ఇస్తాం. కూలి ఇవ్వడమేమిటని కమిటీలో కొందరు అన్నారు. అది లేకపోతే వాళ్ళు రారని మేము అన్నాం. జర్దా, గుట్కా అలవాటున్నవాళ్ళ నోట్లో మానని పుండు కనబడితే ఆ వారమే పెద్దాసుపత్రికి పంపుతాం. మిస్వాక్ సున్నత్ మనకు ఉండనే ఉంది. దానితో పాటు, రాత్రి పడుకోబోయే ముందు పిల్లలచేత బ్రష్షుతో తోమించండి.

ఆ పెద్దాయనకు కట్టుడు పళ్ళ కొలత తీయించాం. ఆ ఖర్చు ఒక దాత భరించారు. పేరు చెప్పవద్దన్నారు.