చిత్రకూటమున శ్రీరాముని కన్నీరు



2020, 2021 సంవత్సరములలో కరోనా మహమ్మారి మన గోదావరి సీమను కూడ కుదిపివేసినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించినది. రోగము తగ్గినది గాని గుండెలోని బరువు తగ్గినదా? తండ్రి కడచూపునకు నోచుకొనని కుమారులు, మూటగట్టిన దేహమును దూరము నుండియే చూచి మరలిన ఇల్లాండ్రు ఏ ఊర లేరు? మన మొగల్తూరు మాత్రము వేరా? “తలకొరివి పెట్టలేకపోతిని, నాన్నగారికి సద్గతి కలుగునా?” అను శంక అట్టివారిని లోలోపల తొలుచుచునే యుండును.

దీనికి శ్రీమద్రామాయణమే సమాధానము. దశరథ మహారాజు కన్నుమూసినపుడు జ్యేష్ఠపుత్రుడు చెంత లేడు. భరతుడు చిత్రకూటమునకు వచ్చి చెప్పువరకు ఆ వార్తయే తెలియదు. విన్నంతనే స్వామి మూర్ఛిల్లెను. అంతటి ధీరుడే! పిదప మందాకినిలో దిగి, దక్షిణాభిముఖుడై జలాంజలి విడిచి, గారకాయల పిండిలో రేగుపండ్లు కలిపి దర్భలపై పిండమిడెను. అంత్యక్రియలు ఎన్నడో ముగిసినవి, పరమాన్నము లేదు. అయినను ఆ పిండము లోపమైనదని వాల్మీకి మహర్షి అనలేదు.

తరువాత జరిగినది ఇంకను గమనింపదగినది. అన్నదమ్ములు నలుగురు, సీతమ్మతల్లి కలిసి ఏడ్చిరి. ఆ రోదనము కొండలలో మారుమ్రోగగా భరతుని సైనికులు విని, ఆ దిక్కునకే పరుగెత్తిరి.

ఏడుపు వినబడిన ఇంటికి పరుగెత్తుట మన ఆచారము. పరామర్శ, పది దినముల కర్మ, బంధువుల రాక, ఇవన్నియు దుఃఖమును పంచుకొనుటకే ఏర్పడినవి. మహమ్మారి దినములలో తలుపులు మూసికొంటిమి. అది అప్పటికి ధర్మమే. ఆ తలుపులు నేటికిని మూసియుండుట మాత్రము ధర్మము కాదు.

నిద్రలేక, తిండి సహింపక నెలల తరబడి కుములువానిని “భక్తి చాలదు” అని నిందించువారున్నారు. ఇది మాకు నచ్చని మాట. చరకాచార్యులు చికిత్సను మూడు విధములుగా చెప్పిరి. జపహోమాదులు దైవవ్యపాశ్రయము, ఔషధాహారములు యుక్తివ్యపాశ్రయము, మనస్సును అహితవిషయముల నుండి మరల్చుట సత్త్వావజయము. పూజ చేయువాడు వైద్యుని వద్దకు పోరాదని ఏ శాస్త్రమున్నది? 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము టెలీ మానస్ అను సేవను ప్రారంభించినది. 14416 సంఖ్యకు ఫోను చేసి, రుసుము లేకయే, రేయింబవళ్ళు ఏ వేళనైనను తెలుగులోనే మాటలాడవచ్చును. ఎవరినోటనైనను చావుమాట వచ్చినచో వారిని ఒంటరిగా విడువక, వెంటనుండి వైద్యుని వద్దకు తోడ్కొని పోవలెను.

కర్మలోపమను బెంగ గలవారు పురోహితుల నడిగి, భాద్రపద మహాలయ పక్షమున నరసాపురము వద్ద వశిష్ఠ గోదావరిలో తిలతర్పణము, పిండప్రదానము చేయవచ్చును. 2027 పుష్కరముల వరకు ఆగనక్కరలేదు. వారితో ఇరుగుపొరుగువారు కూడ ఇద్దరు ముగ్గురు బయలుదేరుడు.