ఇంటి పాటకు ఏ యంత్రం?

(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయిన తర్వాత, పులిహోర వడ్డనకు ముందు మాట్లాడవలసినవాడి పరిస్థితి మీకు తెలియనిది కాదు. కనుక దీర్ఘమైన ఉపోద్ఘాతం పెట్టుకోను. ఇంట్లో పాట వినడానికి రిసీవరు కొనడమా, విడిగా ప్రీ-ఆంప్లిఫయరు కొనడమా, కొంటే ఎటువంటిది కొనాలి అన్న సంగతి మాట్లాడమని కార్యవర్గంవారు నన్ను ఆజ్ఞాపించారు. ఉగాదినాడు ఇదేమి విషయమని కొందరు పెదవి విరవవచ్చు. కాని మన ఇళ్ల సంగతి ఒక్కసారి తలచుకోండి. తాతగారో ముత్తాతగారో నెల్లూరు నుంచో, కరీంనగరం నుంచో, శ్రీకాకుళం నుంచో పొట్ట చేతబట్టుకొని ఈ బెంగుళూరుకు వచ్చారు. పొలం అక్కడే ఉండిపోయింది, ఇల్లు అక్కడే ఉండిపోయింది. వెంట వచ్చిన ట్రంకుపెట్టెలో కొన్ని ఇళ్లవారికి పుస్తకాలు వచ్చినవి, కొన్ని ఇళ్లవారికి గ్రామఫోను రికార్డులు వచ్చినవి. పుస్తకం మాట అటుంచండి, మన మనవలకు కన్నడ అక్షరాలు వచ్చు, ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, తెలుగు అక్షరాలు మాత్రం చాలామందికి రావు. చెవికి మాత్రం ఇంకా తెలుగు అందుతున్నది. స్థానం నరసింహారావుగారి గొంతూ, కపిలవాయి రామనాథశాస్త్రిగారి పద్యమూ, ఘంటసాలవారి భగవద్గీతా ఆ చెవిలో పడాలంటే అటకమీది రికార్డు మళ్లీ పలకాలి. సరియైన యంత్రం కొంటే పలుకుతుంది. సరికానిది కొంటే పలకదు సరిగదా, ఉన్న రికార్డు కూడా అరిగి నాశనమవుతుంది. పగిలిన కుండ మళ్లీ కొనుక్కోవచ్చుగాని, ఆ రికార్డులలో కొన్ని ఇక ఎక్కడా దొరకవు.

ముందు పేర్ల చిక్కు విడదీద్దాము. వెనుకటి రేడియోగ్రాము పెట్టెలో అన్నీ ఒకేచోట ఉండేవి. ఇప్పుడు ఆ పెట్టెను ముక్కలు చేసి అమ్ముతున్నారు. రికార్డు నుంచి వచ్చే సన్నని విద్యుత్తును సరిదిద్ది, ఏది వినాలో ఎంచి, ఎంత గట్టిగా వినాలో నిర్ణయించేది ప్రీ-ఆంప్లిఫయరు. దానికి బలమిచ్చి స్పీకరును కదిలించేది పవర్ ఆంప్లిఫయరు. ఈ రెండూ ఒక పెట్టెలో ఉంటే ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయరు అంటారు. దానికే రేడియో కూడా తగిలిస్తే రిసీవరు. టెలివిజనును కలుపుకొని, గదిచుట్టూ ఐదారు స్పీకర్లను నడిపేది ఏ.వి. రిసీవరు. ఇంతకుమించి ఇందులో బ్రహ్మరహస్యమేమీ లేదు.

అసలు రహస్యమంతా ఫోనో అనే చిన్న రంధ్రం దగ్గర ఉన్నది. సి.డి. యంత్రం నుంచి వచ్చే విద్యుత్తు సుమారు 2 వోల్టులు. ఎల్.పి. రికార్డుమీద తిరిగే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జి ఇచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు మాత్రమే. అంటే కొన్ని వందల రెట్లు తక్కువ. మూవింగ్ కాయిల్ రకం ఇంకా పిసినారి, అది అర మిల్లీవోల్టు కూడా ఇవ్వకపోవచ్చు. కాబట్టి మొదటిదానికి సుమారు 100 రెట్లు, రెండవదానికి సుమారు 1000 రెట్లు పెంపు కావాలి.

పెంపు ఒక్కటే చాలదు. రికార్డు కోసేటప్పుడు మంద్రధ్వనులను యథాతథంగా కోస్తే గాడి మరీ వెడల్పై, పక్క గాడిలోకి చొచ్చుకుపోతుంది. అందుకని మంద్రాన్ని తగ్గించి, తారధ్వనులను హెచ్చించి కోస్తారు. తారాన్ని హెచ్చించడంలో మరొక లాభమున్నది. వినేటప్పుడు దాన్ని తిరిగి తగ్గిస్తే రికార్డు బరబర కూడా దానితోపాటు తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గులకు 1954లో ఆర్.ఐ.ఏ.ఏ. అనే ప్రమాణం ఏర్పడినది. ఆ ప్రమాణం ప్రకారం 20 హెర్ట్జుల దగ్గర దాదాపు 20 డెసిబెల్సు తగ్గింపు, 20,000 దగ్గర దాదాపు అంతే పెంపు. ఫోనో ప్రీ-ఆంప్లిఫయరు చేసేది దీనికి సరిగ్గా తలకిందుల పని.

ఈ సంగతి తెలియక టర్న్‌టేబులు తీగను ఆక్స్ అని రాసి ఉన్న రంధ్రంలో దూర్చేవారున్నారు. అప్పుడు ఘంటసాలవారు జలుబు చేసిన దోమలాగా పాడతారు. శబ్దం అతి సన్నగా, మంద్రమే లేకుండా వస్తుంది. దీనికి వ్యతిరేకమైన పొరపాటు కూడా ఉన్నది. ఈనాటి టర్న్‌టేబుళ్లు కొన్నిటిలో ప్రీ-ఆంప్లిఫయరు లోపలనే అమర్చి ఇస్తారు. దాన్ని తీసుకువెళ్లి ఫోనో రంధ్రంలో పెడితే పెంపుమీద పెంపు పడి, పద్యం పద్యంలాగా కాక పెంకులమీద వడగళ్లవానలాగా వినబడుతుంది. వెనుకవైపు ఫోనో, లైన్ అని చిన్న మీట ఉంటుంది, దాన్ని చూసి పెట్టుకుంటే సరి. కాబట్టి అంగడివాణ్ణి అడగవలసిన మొదటి ప్రశ్న వాట్లెన్ని అని కాదు, ఫోనో రంధ్రం ఉన్నదా అని. ఏ.వి. రిసీవర్లలో చౌకవాటికి చాలావరకు అది ఉండదు. లేకపోయినంతమాత్రాన మంచి యంత్రాన్ని వదులుకోనక్కరలేదు. అరచేతిలో ఇమిడే ఫోనో ప్రీ-ఆంప్లిఫయరు విడిగా కొని మధ్యలో పెట్టుకోవచ్చు. అది 47 కిలో ఓముల భారం చూపేదై ఉండాలి, మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జికి అదే మామూలు లెక్క. టర్న్‌టేబులు నుంచి వచ్చే సన్నని నేల తీగను మరను వదులుచేసి ప్రీ-ఆంప్లిఫయరుకు బిగించండి. దాన్ని గాలికి వదిలేసి, తంబుర శ్రుతిలాగా గుమ్మని మోగుతున్నదని యంత్రాన్ని తిట్టడం ధర్మం కాదు.

ఇక వాట్ల మాట. ఈ విషయంలో జరిగినంత మాయ మరి దేనిలోనూ జరగలేదు. 1990ల ప్రాంతంలో పి.ఎం.పి.ఓ. అనే అక్షరాలు తగిలించి, చేతిలో పట్టే టేపురికార్డరుమీద కూడా వందల వాట్లు అచ్చువేసేవారు. అంత శక్తి నిజంగా ఉంటే దానితో పిండిమర నడపవచ్చు! ఈనాటికీ కాగితం చదవడం నేర్చుకోవాలి. రెండు చానళ్లూ ఒకేసారి పనిచేస్తుండగా, 8 ఓములకు, 20 నుంచి 20,000 హెర్ట్జుల వరకు 50 వాట్లు అంటే అది మర్యాదస్తుడి మాట. ఒకే చానలు, 6 ఓములు, 1000 హెర్ట్జులు, 10 శాతం వక్రీకరణ, 150 వాట్లు అంటే వాడు పెళ్లిచూపులకు ఎరువు నగలు పెట్టుకువచ్చినవాడు.

అసలు మనకెన్ని వాట్లు కావాలి? సాధారణమైన స్పీకరు ఒక వాటుకు, ఒక మీటరు దూరంలో 87 డెసిబెల్సు శబ్దమిస్తుంది. మనుషులు మామూలుగా మాట్లాడుకొనే శబ్దం 60 ప్రాంతం. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపనిపించాలంటే పదిరెట్లు వాట్లు కావాలి. షోలాపురంలో మగ్గాల పేటలోనో, ముంబయి చాలులోనో, ఇక్కడ రెండు గదుల ఇంటిలోనో పాట వినేవారికి ఎక్కువసేపు ఒక వాటు కూడా ఖర్చు కాదు. మృదంగం గట్టిగా మోగినప్పుడు, నాదస్వరం లేచినప్పుడు ఆ క్షణానికి 20, 30 కావలసిరావచ్చు. నిజాయితీగల 40, 50 వాట్లుంటే మీకూ చాలు, పక్కింటివారితో వైరానికీ చాలు. మిగిలిన డబ్బు స్పీకర్లమీద పెట్టండి. నన్నడిగితే, మొత్తం వంద రూపాయలైతే యాభై స్పీకర్లకు, ముప్పై రిసీవరుకు, ఇరవై టర్న్‌టేబులుకూ సూదికీ. ప్రీ-ఆంప్లిఫయరు ఒక పెట్టె, పవర్ ఆంప్లిఫయరు మరొక పెట్టెగా కొనే వైభవం పెద్ద హాలూ, పెద్ద స్పీకర్లూ ఉన్నవారికి శోభిస్తుంది. మనబోటి ఇళ్లలో ఆ తేడా చెవికంటె బంధువుల కంటికే ఎక్కువగా తెలుస్తుంది.

రేడియో కోసం రిసీవరు కొనేవారికి ఒక మనవి. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైన తర్వాత, దూరదేశాలలో ఉన్న మనవాళ్లు రాత్రి భోజనాలయ్యాక మీడియం వేవు ముల్లు తిప్పి తెలుగుకోసం వెదకినవారే. ఆ కెరటాలను పగటిపూట ఆకాశంలోని దిగువ పొర పీల్చివేస్తుంది. రాత్రి ఆ పొర అణగిపోగా, పై పొర వాటిని తిప్పి నేలకు పంపుతుంది. అందుచేత చీకటిపడ్డాకనే మన ఊరు పలికేది. ఎఫ్.ఎం. కెరటానికి ఆ యోగం లేదు, చూపుమేరకు కొంచెం పైగా పోయి ఆగిపోతుంది. యానాంవారికి కాకినాడ కూతవేటు దూరం గనుక వారికి బాధలేదు. ఇక్కడ ఎఫ్.ఎం. పెడితే వినబడేది ఎక్కువగా కన్నడమూ హిందీయే. వినవలసినదే, అన్నం పెట్టిన నేల భాష. కాని తెలుగు కేంద్రం కావాలంటే ట్యూనరుమీద ఆశ వదలుకొని, ఇంటర్నెట్టును పట్టగల రిసీవరు కొనడమో, ఫోనులో ఆకాశవాణివారి న్యూస్ ఆన్ ఎయిర్ పెట్టుకొని తీగద్వారా రిసీవరుకు అందించడమో చేయాలి. రెండవది ఖర్చులేని పని.

అమెరికాలో ఉన్న అబ్బాయో అల్లుడో వచ్చేటప్పుడు రిసీవరు తెస్తానంటే సంతోషించే ముందు దాని వీపు చూడమనండి. అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, 60 ఆవృత్తులు. మనది 230 వోల్టులు, 50 ఆవృత్తులు. వెనుక వోల్టేజి మార్చే మీట లేని యంత్రాన్ని నేరుగా మన గోడకు తగిలిస్తే, అది పాడే మొదటి పాటే చరమగీతం. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి, అదికూడా యంత్రంమీద రాసిన వాట్లకంటె ఒకటిన్నర రెట్లు మోయగలదై ఉండాలి. పాత టర్న్‌టేబుళ్లలో మరో చమత్కారమున్నది. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను మారుస్తుందిగాని ఆవృత్తులను మార్చదు. సింక్రొనస్ మోటారు ఉన్న అమెరికా యంత్రం ఇక్కడ ఆరింట ఐదువంతుల వేగంతోనే తిరుగుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసినది 28 కూడా తిరగదు. పాడేవారి షడ్జమం దాదాపు మూడు స్వరస్థానాలు దిగిపోతుంది. సుశీలగారి పాట వేస్తే మగవారెవరో పాడుతున్నారా అని సందేహం కలుగుతుంది. 50 ఆవృత్తులకు సరిపడే కప్పీ దొరికితే దాన్ని మార్చవచ్చు. క్వార్ట్జు డైరెక్ట్ డ్రైవు యంత్రాలకు ఈ బాధ లేదు.

ఇప్పుడు 78 చుట్ల రికార్డుల సంగతి. నా మనసులో అన్నిటికంటె ముఖ్యమైనది ఇదే. మన పాత నాటక పద్యాలు ఉన్నవి వీటిలోనే, ఒక పక్కకు మూడు మూడున్నర నిమిషాలు. వీటి గాడి వెడల్పైనది. ఎల్.పి. సూది మొన సుమారు 18 నుంచి 25 మైక్రానులుంటే, దీనికి 75 మైక్రానుల సూది కావాలి. సన్నసూది గాడి అడుగున దుమ్ములో పొర్లాడి బరబరమంటుంది, గాడిని కూడా చెరుపుతుంది. బొమ్మ పెట్టెల్లాంటి చౌక యంత్రాలలో 78 అని అంకె వేసి ఉన్నా సూది మాత్రం చాలావాటిలో ఎల్.పి. సూదియే. కార్ట్రిడ్జికి వేరే సూది దొరుకుతుందా అని ముందే విచారించుకోండి. ఈ రికార్డులు ఆర్.ఐ.ఏ.ఏ. పుట్టకముందువి గనుక వాటి హెచ్చుతగ్గులు వేరు. అందువల్ల రిసీవరుకు బాస్, ట్రెబుల్ బిరడాలూ, మోనో మీటా ఉండితీరాలంటాను. బిరడాలుంటే శబ్దశుద్ధి చెడుతుందనే పండితులున్నారు. వారు 1930 నాటి పద్యం విన్నవారు కారు. మోనో మీట నొక్కితే సూది పైకీ కిందికీ గెంతడంవల్ల పుట్టే రొద రెండువైపులా ఒకదాన్నొకటి కొట్టివేసుకొని చాలావరకు అణగిపోతుంది. పక్కపక్కకు కోసిన గొంతుమాత్రం నిలుస్తుంది. ఇంత మేలు చేసే మీటను ఖరీదైన యంత్రాలలో కొన్నిటినుంచి తీసివేశారు, ఎందుకో!

శుభ్రంచేసేటప్పుడు ఒక్కమాట గుర్తుంచుకోండి. ఆ పాత రికార్డులు లక్కతో చేసినవి. స్పిరిటు తగిలితే లక్క కరుగుతుంది. మెత్తని గుడ్డ, శుద్ధజలం, చిటికెడు సబ్బునీరు, ఇంతే. మధ్యనున్న కాగితం తడవనివ్వకండి.

శుభ్రంచేసి, సరియైన సూదితో వేసినప్పుడే కంప్యూటరులోకి కూడా ఎక్కించుకోండి. యు.ఎస్.బి. దారి ఉన్న ఫోనో ప్రీ-ఆంప్లిఫయరులు వస్తున్నవి. ఒక్కో పక్కకు నాలుగు నిమిషాలు పట్టే పని. ఆదివారం పూట మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, పాడినవారెవరో, ఏ నాటకమో, ఏ ఘట్టమో మీరు చెబుతుంటే వాడిచేత రాయించండి. ఏ లిపిలో రాసినా సరే.

కొట్టుకు వెళ్లేటప్పుడు రికార్డు ఒకటి చంకన పెట్టుకొని వెళ్లండి. కొట్టువాడు వేసే ఇంగ్లీషు రికార్డు ఏ యంత్రంమీదనైనా బాగానే ఉంటుంది. ముందు రికార్డు వేయకుండా, ఫోనోమీద పెట్టి, మీరు ఇంట్లో వినే మట్టానికి బిరడా తిప్పి స్పీకరు దగ్గర చెవి పెట్టండి. గుమ్మనే మోత కూర్చునే చోటికి వినబడితే ఆ యంత్రం వద్దు. తర్వాత హార్మోనియంమీద ఎత్తుకున్న పద్యమొకటి వేసి, రాగం సాగేటప్పుడు కాదు, మాటలు వచ్చేటప్పుడు వినండి. శషసలు మూడూ మూడుగా వినబడాలి. ఒత్తులు ఒత్తులుగా పలకాలి. అంతవరకు బేరం మొదలుపెట్టకండి.

పులిహోర వాసన వస్తున్నది. సెలవు.