పాతబస్తీ గోడలు - ఇంటి వైఫై

చార్మినారు 1591వ సంవత్సరమున వెలసినది. దాని పరిసరములలో రాతితోను, డంగుసున్నముతోను కట్టిన మందపు గోడల ఇండ్లు నేటికిని కొన్ని నిలిచియున్నవి. ఎండను ఆపు ఆ గోడలే వైఫై అలలను కూడ ఆపుచున్నవి. ముందుగదిలో రౌటరు వెలుగుచుండును. లోపలిగదిలో పిల్లవాని పాఠము నడుమ తెగిపోవును.

దీనికి మెష్ పద్ధతి తగిన ఉపాయము. రెండు మూడు పెట్టెలను గదులలో అమర్చినచో, ఒకటి పంపినదానిని మరియొకటి అందుకొని ముందునకు సాగించును. 2.4 గిగాహెర్ట్జ్ అల పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్ అల పొడవు 6 సెంటీమీటర్లు. రెండవదానిలో వేగము హెచ్చు. కాని గోడలలో అది త్వరగా క్షీణించును. కావున పెట్టెలను ద్వారముల కెదురుగా ఉంచవలెను. వాటిని తీగతో కలుపుట ఇంకను మేలు.

ఇక చట్టము సంగతి. మన ప్రభుత్వము 2005లో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని, 2018లో 5 గిగాహెర్ట్జ్ ప్రాంతమున 605 మెగాహెర్ట్జ్‌లను లైసెన్సు లేకుండ వాడుకొననిచ్చినది. అయినను శక్తికి పరిమితి కలదు. పరికరమునకు వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగపు ఆమోదము, అనగా ఈటీఏ, ఉండవలెను. గల్ఫునుండి బంధువులు ప్రేమతో తెచ్చిన పెట్టె ఆ దేశపు నిబంధనలకు అమర్చినదై యుండవచ్చును. కొనునపుడు ఆమోదపత్రమును అడుగుడు. అడాప్టరుపై భారతీయ ప్రమాణముల గుర్తును చూడుడు.

గోడ ఎవరిది వారిదే. గాలిలోని దారి మాత్రము వీధివారందరిది. ఒక యింటి అతిశక్తి పొరుగింటి పాఠమునకు విఘ్నము కారాదు.