చేదుతో మొదలయ్యే విందు

(సంఘం ఉగాది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది గురించి చెప్పడానికి నాకంటే అర్హులు ఈ సభలో చాలామంది ఉన్నారు. "మీరు కలకత్తాలో పనిచేశారు కదా, బెంగాలీల సంవత్సరాది సంగతి చెప్పండి" అని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. 1978 నుండి 1985 వరకు నేనక్కడ ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. కాళీఘాట్ దగ్గర ఒక ఇంటి కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం.

వారి పండుగ పేరు పొయిలా బైశాఖ్, అంటే వైశాఖం మొదటి తేదీ. మనది చాంద్రమానం, వారిది సౌరమానం. అందుచేత మన ఉగాది ఏటా ముందుకీ వెనక్కీ జరుగుతుంది గాని, వారిది ఏప్రిల్ 14 లేదా 15న వస్తుంది. బంగ్లాదేశ్‌లో 14నే ఖాయం చేసుకున్నారు.

ఆ రోజు వర్తకులు కొత్త చిట్టా తెరుస్తారు. దానిని హాల్ ఖాతా అంటారు. ఎర్రగుడ్డ అట్ట వేసిన పుస్తకం, మొదటి పేజీ మీద సిందూరంతో స్వస్తిక్, ముందు లక్ష్మీ గణపతుల పూజ. తెల్లవారకముందే ఆ పుస్తకాలు పట్టుకుని కాళీఘాట్ గుడి ముందు బారులు తీరేవారు. సాయంత్రం ఖాతాదారులను దుకాణానికి పిలుస్తారు. పాతబాకీ ఎంతో కొంత చెల్లిస్తే, వారు షర్బత్ ఇచ్చి మిఠాయి పొట్లం, చుట్టిన కేలండరు చేతిలో పెడతారు. మా ఆఫీసులో మార్చి 31న లెక్కలు ముగించేటప్పుడు అందరి ముఖాలూ మాడిపోయి ఉండేవి. మిఠాయి తింటూ కూడా లెక్క తేల్చుకోవచ్చునని నాకు ఆ కిరాణా కొట్టులోనే తెలిసింది.

ఇక భోజనం. ఉదయం లూచి, అంటే మైదాతో చేసే తెల్లటి పూరీ. దానిలోకి కొబ్బరి ముక్కలు వేసిన శనగపప్పు. మధ్యాహ్నం అన్నంలో మొదట వడ్డించేది శుక్తో. కాకరకాయ, అరటికాయ, ములక్కాడ, వంకాయ, వడియాలు వేసి, ఆవపిండి ముద్ద, కాసిని పాలు పోసి వండే కూర. మనం ఉగాది పచ్చడిలో ఆరు రుచులూ ఒక్క చెంచాలో పుచ్చుకుంటాం. వారు చేదుతో మొదలుపెట్టి, పప్పు, వంకాయ వేపుడు, చేపలు, మాంసం మీదుగా గంటసేపు నడిచి, మిష్టి దొయి, సందేశ్‌ల దగ్గరికి చేరతారు. మధ్యలో పచ్చిమామిడి చట్నీ ఉంది. అది మన పచ్చడి కాదు, తియ్యగా ఉంటుంది, అప్పడంతో తింటారు. మా ఆవిడ మొదటి ఏడాది దాన్ని అన్నంలో కలుపుకుంటే ఇల్లంతా నవ్వారు. చేపల సంగతి వస్తే, ఈనాడు కలకత్తా బజారులో మన కొల్లేరు ప్రాంతపు చెరువుల చేపలు కూడా అమ్ముతారు. రుచి తక్కువని గొణుక్కుంటూనే కొంటారు.

ఇంటివారమ్మను మేము మాషీమా అనేవాళ్ళం, అంటే పిన్నిగారు. ఆమె భర్త మేషోమొశాయ్. 1982లో వారి పెద్దకొడుకు తండ్రితో మాట పట్టింపు వచ్చి వేరే వెళ్ళిపోయాడు. ఇంటి వాటాల గొడవ, మనకు తెలియనిది కాదు. మరుసటి సంవత్సరాది వచ్చింది. ఆ రోజు చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ కాళ్ళకు దండం పెట్టాలి. ఒంటిగంట దాటింది. మేషోమొశాయ్ వడ్డించమన్నారు. "శుక్తో ఇంకా కాలేదు" అన్నారావిడ. ఎప్పుడో అయిందని మా ఆవిడకు తెలుసు, కాకరకాయలు తరిగింది తనే. రెండున్నరకు పెద్దకొడుకు కొత్త పంచె కట్టుకుని, పిల్లవాణ్ణి ఎత్తుకుని వచ్చాడు. కాళ్ళకు దండం పెట్టాడు. ఆయన ఏమీ అనలేదు, తలమీద చెయ్యి వేశారు. అప్పుడు శుక్తో వడ్డించారు. భోజనాల దగ్గర ఇద్దరూ మాట్లాడుకోలేదు. చేప తలకాయ తన కంచంలో వెయ్యబోతే మాత్రం పెద్దాయన చెయ్యి అడ్డంపెట్టి కొడుకు వైపు చూపించారు. గొడవ ఆ రోజుతో తీరిందని చెప్పను, మరో రెండేళ్ళు నడిచింది. కాని రాకపోకలు ఆగలేదు.

ఇప్పుడక్కడ హోటళ్ళలో పొయిలా బైశాఖ్ భోజనం ఒకే పళ్ళెంలో పెట్టి ఇస్తున్నారు, ఇంటికీ పంపుతున్నారు. పిల్లలు దూరాన ఉన్న వృద్ధదంపతులకు అది సౌకర్యమే, నేను కాదనను. కాని ఆ పళ్ళెంలో అన్నీ ఒక్కసారే వస్తాయి. కొడుకు వచ్చేదాకా కూర కాలేదని చెప్పే మనిషి అందులో రాదు.

మాషీమా కాలం చేసి చాలా ఏళ్ళయింది. ఆ పెద్దకొడుకు కూడా మనలాగే పింఛనుదారుడు, ఏటా ఆ రోజు ఫోను చేస్తాడు. మా ఇంట్లో ఇప్పటికీ ఏప్రిల్ 15న శుక్తో వండుతారు. వారు వాడే రాధుని అనే గింజ ఇక్కడ దొరకదు, మా ఆవిడ చిటికెడు వాము వేస్తుంది. మనవడు కాకరకాయ ముక్కలు ఏరి పక్కన పెడతాడు, తక్కినది తింటాడు. రుచి చూడదలచినవారు ముందురోజు ఒక్కమాట చెప్పి రండి, కాకరకాయలు ఎన్ని తేవాలో తెలుస్తుంది.