వారపత్రికయు ఎం.ఏ. తరగతియు
(పత్రికా రచనా విద్యార్థుల సభలో చేసిన ఉపన్యాసము)



బి.ఏ. ముగించి పత్రికా రచనలో ఎం.ఏ.కు చేరిన మిమ్ము చూడగా మాకు సంతోషముతోపాటు కొంత విచారమును కలుగుచున్నది. సంతోషమునకు కారణము చెప్పనక్కరలేదు. విచారమేమన, మీ చేతులలో ఇంగ్లీషు గ్రంథములే ఎక్కువగా కనబడుచున్నవి. రేపు మీ వ్రాతలు చదువవలసినవారు తెలుగువారు.

పత్రికా రచన కళాశాలలో నేర్పదగినదా యను తగవు పాతది. అమెరికాలో జోసెఫ్ పులిట్జరు 20 లక్షల డాలర్ల నిధి ఏర్పరచి 1911లో మరణింపగా, మరుసటి యేట కొలంబియా విశ్వవిద్యాలయమున ఆ పాఠశాల తెరువబడెను. 1935 నుండి పట్టభద్రులకు మాత్రమే ప్రవేశము. అవిభక్త భారతమున 1941లో లాహోరునందలి పంజాబు విశ్వవిద్యాలయమును, పిమ్మట 1954లో ఉస్మానియాయును ఈ విద్యకు చోటిచ్చినవి. ఆ తగవు తీరినట్లే. ఏమి నేర్పవలెనన్నది ఇంకను తీరలేదు.

దినపత్రిక నిన్నటి వార్తతో బ్రతుకును. వారపత్రికకా సౌలభ్యము లేదు. పాఠకుడు వార్తను చేతిలోని ఫోనులోనే ఎరిగి, దాని వెనుకనున్న కారణముకొరకు మన సంచికను విప్పును. అది చెప్పుటకు చరిత్ర కావలెను, లెక్కలు కావలెను, తీరికగా నలుగురిని కలిసికొను ఓపిక కావలెను. కావున ఉన్నత విద్య దినపత్రికకంటె వారపత్రికకే ముఖ్యమని మా అభిప్రాయము.

ఉదాహరణకు దూరము పోనక్కరలేదు. తెలంగాణమున తెలుగు కవులు లేరని ఒకరు వ్రాసిరి. 1926లో పుట్టిన గోలకొండ పత్రికకు సంపాదకులైన సురవరం ప్రతాపరెడ్డిగారు కోపముతో ఒక సంపాదకీయము వ్రాసి ఊరకుండవచ్చును. చదివినవారు మెచ్చుకొని మరచియుందురు. వారట్లు చేయలేదు. ఊళ్ల పేర్లతో, పద్యములతో కవుల వివరములు సేకరించి, 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. రెడ్డిగారు మా వృత్తికి చెందినవారే, న్యాయశాస్త్ర పట్టభద్రులు. సాక్ష్యము లేని వాదము కోర్టులో ఎంతసేపు నిలుచునో ఎరిగినవారు. అంతటి సిద్ధాంత వ్యాసము ఏ విశ్వవిద్యాలయమున సమర్పింపబడినను గర్వింపవచ్చును. మీరు నాలుగవ సెమిస్టరులో వ్రాయు వ్యాసము ఏ అలమారలో దాగునో గాని, ఆ సంచికను నేటికిని వెదకికొని చదువుచున్నారు.

ఇక చట్టము. ఇది మా కొట్టము గనుక కొంచెము నిలుతుము. 1908లో బెజవాడ స్వరాజ్య పత్రికలోని వ్రాతకై గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రాజద్రోహ నేరముపై చెరసాలకేగిరి. వారును ఎం.ఏ. పట్టభద్రులే! నాటి శిక్షాస్మృతి స్థానమున 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. రాజద్రోహమను పేరు పోయినది. 152వ సెక్షను చదివినవారికి భయము పూర్తిగా పోదు. 1867నాటి ముద్రణాలయముల చట్టమునకు బదులు 2023నాటి చట్టము 2024 మార్చి 1 నుండి నడచుచున్నది. పరీక్షకై తేదీలు వల్లించుట చాలదు. సెక్షను పాఠమును ముందుంచుకొని, మీ వ్యాసమునందలి ఒక్కొక్క వాక్యమునకు మీరే వకీలై వాదింపుడు.

ధనము మాట ఎత్తుటకు మన పండితులు సిగ్గుపడుదురు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు సిగ్గుపడలేదు. 1893లో అమృతాంజనము, 1908లో బొంబాయి నుండి ఆంధ్రపత్రిక, 1924లో భారతి. తలనొప్పి మందు మనకు సాహిత్య మాసపత్రికను ప్రసాదించెనన్నమాట! ప్రకటన లేక పత్రిక నడువదు. ప్రకటన ఇచ్చినవాడు సంపాదకుని కలమును పట్టుకొనినచో అది పత్రిక కాదు. ఈ రెంటినడుమ ఎట్లు నడువవలెనో చెప్పు పాఠమొకటి మీకు తప్పక ఉండవలెను.

మీ ఆచార్యులకు మా మనవి యొక్కటే. రెండేండ్లలో ప్రతి తరగతియు తెలుగున రెండు సంచికలు వెలువరింపవలెను. ఉచితముగా పంచరాదు, వెలకట్టి బజారులో అమ్మవలెను. తిరిగివచ్చిన కట్టలను లెక్కించి దానికిని మార్కులు వేయవలెను. మొదటి సంచికకు మా పది ప్రతుల వెల అధ్యక్షులవారి చేతికి ఇప్పుడే ఇచ్చుచున్నాము, రశీదు పంపుడు.